ఫూరియో తలుపు తీసిన రోజు

ఫోను మోగేసరికి ఒండీనా కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతోంది. పెళ్లి కానుకలన్నిటిలోకీ ఆమెకు నచ్చింది అదే. సరిగ్గా ఇద్దరికి సరిపడా కాఫీ కాచే బుల్లి గిన్నె. అది బుసకొట్టడం వినిపించగానే లివియో పక్క మీంచి లేచి వస్తాడు. పెళ్లై ఇన్నాళ్లయినా ఆ బుస వింటే ఆమెకు నవ్వొస్తుంది.

"అమ్మాయ్, తీశాడే!" అవతల అత్తగారు నీవెస్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఏం తీశాడత్తయ్యా?"

"తలుపే! ఇంకేం తీస్తాడు? మీ మరిది తనంతట తనే తలుపు తీశాడు! నర్సు లొరెదానా వాడి పక్కనే కూర్చునుంది. మందు వేసుకుంటానని వాడి నోటితో వాడే అన్నాడు. డాక్టరమ్మ వస్తోంది. ఆ మొద్దు నిద్రపోతుని లేపి, ఉన్నపళంగా రండి!"

ఒండీనా పొయ్యి కట్టేసి, పడగ్గదిలోకి పరుగెత్తి, మంచం మీదికి ఒక్క గెంతు గెంతింది.

"ఏమైంది? ఇల్లు కూలిందా?" అన్నాడు లివియో కళ్లు తెరవకుండానే.

"మీ తమ్ముడు తలుపు తీశాడు!"

లివియో దిగ్గున లేచాడు. ప్యాంటు అనుకుని ఆమె స్వెట్టరు చేతిలోకి కాలు దూర్చాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే అతను అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లి విందులోనే మరిది ఫూరియో చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చోవడం ఒండీనా చూసింది. ఆ రోజు బోరా వీస్తోంది. కొండ మీంచి వచ్చిపడే ఆ గాలి మొదలైతే వాళ్ల ఊరు ట్రియెస్టేలో అందరికీ తిక్క రేగుతుంది. మొగుడూ పెళ్లాల పోట్లాటకీ, పిల్లల మార్కులకీ, మాడిన కూరకీ గాలినే తిట్టుకుంటారు. అందుకే ఫూరియో సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"వాడికి బోరా పడదు" అంది నీవెస్. బోరా మూడు రోజులుంటుంది, తగ్గకపోతే అయిదు, అప్పటికీ తగ్గకపోతే ఏడు. ఆ ఊరి పెద్దల లెక్క అది. ఇదుగో తగ్గుతుంది, అదుగో తగ్గుతుంది అనుకుంటూ ఉండగానే సగం చలికాలం గడిచిపోయింది. గాలిలో ఎవరో తన పేరు పిలుస్తున్నారన్నాడు ఫూరియో. పడవల మరమ్మతు పని మానేశాడు.

ఒక పొద్దున గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా ఉంది. అత్తగారింటికి వెళ్లిన ఒండీనాకి వంటింటి మూల ఫూరియో కనిపించాడు. చెవులు మూసుకునే ఉన్నాడు.

"అత్తయ్యా, బయట ఆకు కూడా కదలడం లేదు" అంది మెల్లగా. "మరి వీడికిప్పుడేం వినిపిస్తోంది?"

నీవెస్ కిటికీలోంచి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీలో కూలబడి, "ఎవర్నడగాలే?" అంది.

ఆ పేటలోనే మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. లివియో, ఒండీనా ఆ రోజే వెళ్లారు. నర్సు లొరెదానా అంతా విని, "సైకోసిస్ కావచ్చు, లేని గొంతులు వినిపించే జబ్బు. డాక్టరు చూసి చెప్పాలి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు" అంది.

"అయితే వచ్చి ఎత్తుకుపోండి" అన్నాడు లివియో.

"ప్రాణం మీదికొస్తే బలవంతంగా ఆస్పత్రిలో చేర్చక తప్పదు. అలా లాక్కొస్తే మాత్రం మళ్లీ మా మొహం చూడడేమో. ముందు నన్ను మాట్లాడనివ్వండి."

వాళ్లు తిరిగొచ్చేసరికే ఫూరియో గదిలో గడియ పెట్టుకున్నాడు. అమ్మ వంటలో విషం కలుస్తోందని ఆ గొంతులు చెప్పాయట. లొరెదానా రోజూ వచ్చి తలుపు ముందు పీట వేసుకుని, పడవల గురించీ తన మోకాలి నొప్పి గురించీ కబుర్లు చెప్పేది. ఉడికించిన గుడ్లు గుమ్మంలో పెట్టి, "పెంకు నువ్వే ఒలుచుకో నాయనా, అందులోకి ఎవరి చెయ్యీ దూరదు" అనేది. గుడ్లు లోపలికి వెళ్లేవి, పెంకులు బయటికొచ్చేవి. కానీ నిన్న గుడ్లు అలాగే ఉండిపోయాయి. ఇవాళ కూడా తినకపోతే ఆస్పత్రి తప్పదని ఆమె చెప్పి వెళ్లింది.

ఒండీనా, లివియో వెళ్లేసరికి ఫూరియో వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయాయి. ఎదురుగా లొరెదానా, పక్కన డాక్టర్ కొసుట్టా.

"వదినా, నిజంగా నువ్వేనా?"

"కావాలంటే గిల్లి చూసుకో."

గిల్లాడు.

"అబ్బా! ఇంత గట్టిగానా?"

"నువ్వే" అన్నాడు ఫూరియో. అతని పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. లివియో తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఇక తీయలేదు.

"ఇవాళే ఎందుకు తీశావు ఫూరియో?" అడిగింది డాక్టరు.

"లొరెదానాకి విసుగెత్తింది, ఇక రాదు అని నా చెవిలో వాళ్లు చెబుతూనే ఉన్నారు. పొద్దున తలుపవతల ఈవిడ దగ్గు వినిపించింది." ఫూరియో బల్ల చెక్కని గోటితో గీకాడు. "ఇది తప్పు చెప్పారంటే మిగతావి కూడా తప్పేనేమో అనిపించింది."

లొరెదానా చేతిరుమాలులో గట్టిగా ముక్కు చీదింది.

"ఈ మాత్ర వేసుకుంటే వాళ్లు పోతారా?"

"ముందు నీకు నిద్ర పట్టాలి" అంది డాక్టరు. "గొంతులు మెల్లగా తగ్గుతాయి. చాలామందికి తగ్గాయి. ఇది నీకు పడకపోతే ఇంకోటి చూద్దాం. నోరెండినా, మత్తుగా ఉన్నా నాతో చెప్పు. నీకు చెప్పకుండా ఏదీ చెయ్యం."

ఫూరియో లేచి, తనే గ్లాసు కడుక్కుని, కుళాయి నీళ్లు పట్టుకుని మాత్ర మింగాడు. పడవ నీళ్లలోకి దిగినప్పుడు రేవులో కొట్టినట్టు లివియో చప్పట్లు కొట్టాడు. ఒండీనా కూడా కొట్టింది.

నీవెస్ పొయ్యి దగ్గర నిలబడి, "చిక్కుడుగింజల సూపుంది" అంది, ఎవరితోనూ అననట్టు.

"ముందు నువ్వు తిను" అన్నాడు ఫూరియో.

ఆమె గరిటెడు నోట్లో పోసుకుంది. "ఉప్పు తక్కువైంది."

"నీ సూపులో ఎప్పుడు సరిపోయింది గనక?" అన్నాడు ఫూరియో. గిన్నె ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు. ఒండీనా ప్రతి చెంచానీ కళ్లప్పగించి చూసింది. తన పెళ్లి విందు కూడా ఆమెకింత పండుగలా అనిపించలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక డాక్టరు అడిగింది. "కేంద్రంలో నీకో మంచం ఉంది. కొన్నాళ్లు అక్కడుంటావా? తలుపులకి తాళాలుండవు. ఇంటివాళ్లు ఎప్పుడైనా రావచ్చు."

అందరూ ఫూరియో వైపు చూశారు. అతను ఒక క్షణం తల పక్కకి వంచి ఏదో విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు, డాక్టరుకి కాదు.

"వస్తాను" అన్నాడు. "రేపు పొద్దున తొమ్మిదింటికి. నడిచే వస్తాను. వదిన తోడు రావాలి. అన్నయ్య సంచీ మోస్తాడు. అమ్మ మాత్రం మధ్యాహ్నం వస్తే చాలు, లేకపోతే దారంతా నా మఫ్లరు సర్దుతూనే ఉంటుంది."