వెనక్కి నడిచిన జీపు

పాడైపోవాలనుకుంటే ఆ ముదనష్టపు జీపు ఇంటి ముందే పాడైపోవచ్చుగా! అబ్బే, కక్కబ్బె ఊరు దాటి కొండెక్కే దారిలో, నరమానవుడు కనిపించని మలుపులో, కుండపోత వానలో మొండికేసింది. కింద ఏదో కటకటమని విరిగింది. మాచయ్య గేరు వేస్తే పడదు, పడ్డా బండి కదలదు. ఇంజను మాత్రం గొంతు చించుకుంటోంది.

"ఏమైంది?" అంది భార్య దేచమ్మ, ఒళ్లోని క్యారియరు జారకుండా పట్టుకుని.

"గేరుబాక్సు పోయింది."

"జీపు కింద ఆయిలు కారుతోందని నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను. వాన తగ్గాక చూద్దామన్నారు. తగ్గిందా వాన?"

మాచయ్య మళ్లీ గేరు కర్ర అందుకున్నాడు. ఎదురు కొండ మీద చోందమ్మక్క ఆఖరి ఘడియల్లో ఉంది. తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచిన అక్క. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఆమె కొడుకు పొద్దున బైకు మీద తడుస్తూ వచ్చి, "మాచు వచ్చేదాకా నేనెక్కడికీ పోనంటోంది మామా, తొందరగా రా" అని వచ్చిన దారినే పరిగెత్తాడు. ఆ క్యారియరులో ఉన్నది అక్కకు ప్రాణమైన, వానాకాలంలో మందుగా వండే మద్దు ఆకు పాయసం. ఒక్క చెంచా అయినా ఆమె నోట్లో పెట్టాలని మాచయ్య ఆశ.

గేరు కర్రను అటూ ఇటూ కుమ్మగా కుమ్మగా రివర్స్ ఒక్కటి పడింది.

"దిగవే. వెనక్కే ఎక్కిద్దాం, నువ్వు దారి చెప్పు."

"మతి పోయిందా మీకు?"

తిడుతూనే దిగింది. మలుపు వెడల్పుగా ఉన్నచోట మాచయ్య జీపు ముక్కును పల్లానికి తిప్పాడు. దేచమ్మ గొడుగు పట్టుకుని ఎగువకు నడుస్తూ, "ఎడమకు! ఇంకా! అయ్యో లోయండీ, కుడికి!" అని అరిచింది. చెప్పినట్టల్లా తిప్పాడు.

"పెళ్లయిన ఇన్నేళ్లకు నా మాట విన్నారు!"

మాచయ్యకు నవ్వొచ్చింది. చేరిపోతామనే అనిపించింది. రెండు మలుపులు ఎక్కారో లేదో, మాడు వాసన కొట్టింది. గుర్రుమని ఒక్క గుంజు గుంజి, రివర్స్ కూడా చేతులెత్తేసింది.

చక్రం కింద రాయి పెట్టి, క్యారియరు పట్టుకుని నడక మొదలుపెట్టారు. అడ్డదారిన దిగితే అక్క ఇల్లు దగ్గరే, కానీ మధ్యలో వాగు పొర్లుతోంది. రోడ్డు పట్టుకుంటే కొండంతా చుట్టాలి. ఒక్క బండీ రాలేదు. జలగలు పాకుతున్నా మాచయ్య వంగి తీసుకోలేదు.

అప్పుడు ఎదురు కొండ మీద తుపాకీ పేలింది.

ఇద్దరూ నిలబడిపోయారు. కొడగులోని కొడవ కులస్థుల ఇంట మగబిడ్డ పుడితే ఒక్కసారి పేలుస్తారు, మనిషి పోతే రెండుసార్లు.

"ఒకటే!" దేచమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరికో కొడుకు పుట్టాడండీ! ఒకటే..."

రెండోది పేలింది.

"అక్కడ నాలుగిళ్లున్నాయి," అంది దేచమ్మ. "మనవాళ్లిల్లే అయి ఉండాలనేముంది?"

"ఔను," అన్నాడు మాచయ్య. అంటూనే అడుగుల వేగం పెంచాడు.

అంతసేపూ పురుగు కూడా తిరగని దారిలో కింది మలుపున దీపాలు కనిపించాయి. ఒక పికప్, దాని వెనక జీపు, ఇంకా వెనక మరేదో. తుపాకీ విన్నాక ఎవరూ ఇంట్లో కూర్చోరు కదా, అందరూ చావింటికి బయల్దేరారు. పికప్ ఆగింది. తమ ఊరి కుశాలప్ప తల బయటికి పెట్టాడు.

"మాచయ్యన్నా, నువ్వూ విన్నావా? ఎక్కండెక్కండి, బోలెడు చోటుంది. ఇంతకీ ఏ ఇంట్లోనంటావ్?"

"మా అక్క పోయింది, కుశాలప్పా," అన్నాడు మాచయ్య.

కుశాలప్ప దిగి వచ్చి, దేచమ్మతో కలిసి ఆయన్ని ఎక్కించాడు. పికప్ చకచకా గేర్లు మారుస్తూ కొండెక్కింది. నాలుగు మలుపులు తిరిగేసరికి అక్క వాకిలి వచ్చేసింది. ఇల్లు ఇంత దగ్గరా అని మాచయ్య వలవలా ఏడ్చాడు. దేచమ్మ ఒళ్లో క్యారియరు ఇంకా వెచ్చగానే ఉంది.