తాళంచెవికి కట్టిన చెక్క

మోటారు షెడ్డు తాళం ఎప్పుడూ మొరాయిస్తుంది. తాళాల బాబాయ్ దాన్ని కాస్త పైకెత్తి, ఎడమకి నొక్కి, నోట్లో ఒక తిట్టు నమిలి, తాళంచెవి తిప్పాడు. తెరుచుకుంది. ఆ వృత్తివిద్యా పాఠశాలలో అటెండరుగా అతనికిదే చివరి రోజు. అయినా తాళానికేం జాలి!

వడ్రంగం గది, కరెంటు గది, కుట్టు గది వరసగా తెరిచి, వరండాలో తన స్టూలు మీద కూలబడ్డాడు. మోకాళ్లు అరిగాయి, నడుము వంగింది. ఆ నడుముకి వేలాడే గుత్తి మాత్రం నిగనిగలాడుతోంది. వెనక గోడ మేకుకి పలకంత చెక్క ఒకటి, దానికో తాళంచెవి వేలాడుతున్నాయి. చెక్కకి రాతలున్న వైపు గోడకి తిరిగి ఉంది. ఎర్ర రంగుతో 'ఆడపిల్లలు' అని రాసింది అతనే. ఆ తాళం ఎప్పుడో పోయినా చెక్క మీద మమకారం పోలేదు.

ఒకప్పుడు ఇక్కడ ఆడపిల్లలంటే కుట్టు గదిలో నలుగురైదుగురు. ఆవరణ చివరనున్న వాళ్ల మరుగుదొడ్డిని మగపిల్లలు పాడుచేస్తున్నారని తాళం వేయించారు. చెవిని ఎవరో మరిచిపోయి ఇంటికి పట్టుకుపోయారు. అప్పుడు బాబాయ్‌కి బుర్ర వెలిగింది. వడ్రంగం గదిలో చెక్కముక్క ఏరి, కొలతకి కోసి, కన్నం పెట్టి చెవికి కట్టాడు. ఇక పోతే ఒట్టు!

అడ్మిషన్లు మొదలయ్యాయి. మోటారు మెకానిక్కు వరసలో సగం మంది ఆడపిల్లలే, గొడవ చేస్తూ, తోసుకుంటూ. ఒకావిడ కూతుర్ని వరసలో నిలబెట్టి స్టూలు దగ్గరికొచ్చింది. అతనికేసి కాదు, మేకుకేసి చూసింది.

"తాళం ఇంకా మీ దగ్గరే ఉందా బాబాయ్?"

అతను గొంతు పోల్చుకున్నాడు. మోటారు క్లాసులో చేరిన మొట్టమొదటి ఆడపిల్ల. అంతమంది మగపిల్లల్లో ఒక్కతి. ఓరోజు ఆ పిల్ల చెక్క తీసుకుంటుంటే తనే నవ్వుతూ అన్నాడు, "ఏం తల్లీ, పలక పట్టుకుని బడికి బయల్దేరావా?" అని. షెడ్డంతా గొల్లున నవ్వింది. మర్నాటి నుంచి ఆ పిల్ల పేరు పలకమ్మ. కొన్నాళ్లకి రావడం మానేసింది. ఆడపిల్లకి మోటార్లు ఒంటబడతాయా అని తీర్పు చెప్పిందీ తనే.

"మోటారంటే నాకెప్పుడూ భయం లేదు," ఆవిడ కూతురికి వినపడకుండా అంది. "ఆ చెక్క పట్టుకుని వాళ్లందరి ముందూ నడవలేక, నీళ్లు తాగడం మానేశాను. మూత్రంలో మంట, జ్వరం. ఇంట్లో కారణం చెప్పడానికి నోరు రాలేదు. చదువు రాక మానేసిందనుకున్నారు. అనుకోనీలే అని ఊరుకున్నా."

అతనికి తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడు తాళం లేదమ్మా" అని మాత్రం గొణిగాడు.

ఆవిడ తలూపి వరసలోకి వెళ్లింది. కాసేపటికి కూతురే పరిగెత్తుకొచ్చింది.

"తాతా, బాత్రూమ్ ఎటు?"

అతను లేచి నిలబడ్డాడు. "ఆ చివర తల్లీ. తలుపు తీసే ఉంటుంది. ఎవర్నీ అడగక్కర్లేదు."

పిల్ల రెండు చేతులూ ఊపుకుంటూ ఆవరణ దాటింది. వరసలోంచి తల్లి అటే చూస్తోంది. అప్పుడైనా వెళ్లి, తప్పయిందమ్మా అని ఒక్క మాట అనొచ్చు. సిగ్గేసింది. వాళ్ల పని కానీ, వెళ్లేటప్పుడు చెబుదాంలే అనుకున్నాడు. ఈలోగా ఆఫీసులోంచి పిలుపొచ్చింది. తిరిగొచ్చేసరికి తల్లీ కూతురూ లేరు.

సాయంత్రం వీడ్కోలు సభలో ప్రిన్సిపాలమ్మ మనసారా పొగిడింది. "ఇన్నేళ్లలో ఒక్క తాళంచెవి పోగొట్టని మనిషి! మన ఆడపిల్లలకి కన్నతండ్రిలా కాపలా కాశాడు."

మాట్లాడమంటే లేచాడు. చెబుదామనే లేచాడు. అన్ని మొహాలు చూసేసరికి వెనక్కి తగ్గాడు. "నాకేం చెప్పడం రాదు" అని కూర్చున్నాడు. అందరూ దాన్ని వినయమనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు. అవి తన చెంపల మీదే పడుతున్నట్టు తల వంచుకున్నాడు.

గుత్తి కొత్త అటెండరు చేతిలో పెట్టాడు. చెక్కని పొయ్యిలో పెట్టేద్దామని మేకు నుంచి తీసి, చాలా ఏళ్ల తరవాత తిప్పి చూశాడు. చూసి, ఇంటికి పట్టుకెళ్లే ధైర్యం లేక అక్కడే పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటిపోయాడు.

ఖాళీ స్టూలు మీద చెక్క మిగిలింది. రాయని వైపు ఇంకా గరుకుగానే ఉంది. ఎవరికీ కనపడకుండా ఆడపిల్లలు ఒంటికి అదిమి పట్టుకుని నడిచిన వైపు మాత్రం నున్నగా అరిగి, ఎర్ర అక్షరాలు సగానికి సగం చెరిగిపోయి ఉన్నాయి.