రుచి డబ్బా, పెళ్లి డేక్సా

పులివెందుల దగ్గర వేములలో తిరుపాలమ్మ బిర్యానీ కొంచెం రుచి చూద్దామని అడిగింది. ఆమె ఇంటి ముందు ఆటోలోంచి డేక్సా దిగింది, పెళ్లి వంటలు వండే పెద్ద గిన్నె. వంద మందికి సరిపడా మటన్ బిర్యానీ. ఇంట్లో ఉన్నది ఆమె, భర్త, మిగతావి పొట్టేళ్లు.

వండి పంపింది ప్రొద్దుటూరు జువేరియా. ఆర్డరు ఒప్పుకున్నది మాత్రం ఆమె తమ్ముడు వసీం ఫోనులో పెట్టిన ఏఐ ఏజెంటు. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లన్నీ అదే చూసుకుంటుంది. అంతకు ముందు జువేరియా చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వండేది. ఒకసారి అది పెరుగుపచ్చడిలో పడింది. ఏజెంటు వచ్చాకే ఆమె రెండు చేతులతో వండుతోంది.

అత్త మైమూన్‌కు ఏజెంటు అన్న మాటే పడదు. కొడుకును కువైట్‌కు పంపుతానని బొంబాయిలో దింపేసిపోయినవాడూ ఏజెంటే. కొడుకు ఆ తర్వాత వేరేవాళ్లను పట్టుకుని కువైట్ చేరాడు.

"తీసేయి దాన్ని. ఫోను నువ్వే ఎత్తుకో," అంది.

"అమ్మీ, ఒక్క తూరి చూద్దాం. ఇంకోసారి తప్పితే నేనే తీసేస్తా," అంది జువేరియా.

పక్కింటి కుసుమ గిన్నె తిరిగిద్దామని వచ్చి, గొడవ బాగుండటంతో కూర్చుంది. బి.ఎస్సీ. చదివిన మనిషి. చదువు అక్కరకు రాలేదని ఎవరైనా అంటే అవునని ఒప్పుకుంటుంది.

"యాడ తప్పింది వసీమూ?"

వసీం ల్యాప్‌టాప్ చూపించాడు. ఏజెంటుకు కొన్ని పనిముట్లు ఇచ్చాడు, టూల్స్ అంటారు. ఒక్కోదాని కింద అది దేనికో రాయాలి. ఆ రాత చదివే అది ఏది వాడాలో తేల్చుకుంటుంది. మొదటిదాని కింద 'బిర్యానీ పంపుతుంది' అని ఉంది. రెండోదాని కింద 'బిర్యానీ ఆర్డరు పంపుతుంది' అని ఉంది.

"వీటిలో రుచి డబ్బా ఏదప్పా?"

"మొదటిదక్కా."

పెద్ద వంట ఒప్పుకునే ముందు చిన్న డబ్బా పంపి రుచి చూపించడం ఆ ఇంట్లో మైమూన్ పెట్టిన పద్ధతి. ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ రాయలేదు.

"దానికెట్ల తెలుస్తాదప్పా?"

"అది శానా తెలివైందక్కా. అర్థం చేసుకుంటాది."

"మా ఆయన కూడా ఎం.కాం. వసీమూ."

కుసుమ వంటింట్లో ఒక డబ్బా మీద చీటీ ఉంటుంది. 'ఇది ఉప్పు. కూరలోకి. టీలోకి కాదు. టీకి చక్కెర పక్కనున్న నీలం మూత డబ్బాలో. రెండూ కనపడకపోతే వెతకవద్దు, నన్ను పిలవండి.' అది అంటించాక భర్త ప్రతాప్ పెట్టిన టీ తాగేటట్టు ఉంటోంది.

ఆమె ల్యాప్‌టాప్ ముందుకు జరుపుకుంది.

'రుచి డబ్బా: ఇద్దరు తినే చిన్న డబ్బా ఇంటికి పంపుతుంది. ఇంకా ఖాయం చేసుకోనివాళ్లు రుచి అడిగితేనే వాడాలి. పెళ్లి వంటకు కాదు.'

'పెద్ద వంట: డేక్సా ఎక్కించమని జువేరియాకు చెబుతుంది. ఎక్కించాక వెనక్కి తీసుకోలేం. తేదీ, ఊరు, ఎంతమందో తెలిసి, వాళ్లు ఖాయమన్నాకే వాడాలి. ఏది తెలియకపోయినా ఊహించవద్దు, అడగాలి.'

"ఇంత పొడుగ్గా రాస్తే ఎట్లక్కా," అన్నాడు వసీం.

"దానికి విసుగు రాదులే. మా ఆయనకూ దానికీ అదొక్కటే తేడా."

మైమూన్ చెప్పులేసుకుని ఎదురింటికి వెళ్లింది. కాసేపటికి ఎదురింటి గులాబ్‌బీ నంబరు నుంచి మెసేజి వచ్చింది. 'జమ్మలమడుగులో పెళ్లి. బిర్యానీ పంపండి.'

జువేరియా గరిటె ఆగింది. తేదీ లేదు, ఎంతమందో లేదు, రుచి మాటే లేదు. అత్తే ఎదురింటి నుంచి కావాలని గుంత తవ్వింది.

ఏజెంటు జవాబిచ్చింది. 'సంతోషం అమ్మా. పెళ్లి ఏ రోజు? ఎంతమందికి? ముందు రుచి చూస్తారంటే చిన్న డబ్బా పంపుతాం.'

'రుచికే,' అని వచ్చింది అటునుంచి.

జువేరియా ఫోను మోగింది. 'రుచి డబ్బా ఒకటి, గులాబ్‌బీ ఇంటికి.' డేక్సా ఊసే లేదు. జువేరియా నవ్వుతూ డబ్బా నింపింది, వసీం పరుగున ఇచ్చొచ్చాడు.

మైమూన్ ఆ డబ్బాలోంచి తింటూనే గడప దాటి లోపలికొచ్చింది.

"ఉప్పు సరిపోయింది," అంది. "ఉండనియ్యండి. ఈ ఏజెంటు బొంబాయిలో దింపేరకం కాదు."

అంతలో తిరుపాలమ్మ ఫోను చేసింది. "డేక్సా మా వీధి వీధంతా తినిందమ్మా. మనవరాలికి చెవులు కుట్టే దినం మళ్లా పంపియ్యండి. ఈసారి మాత్రం మేం అడిగినాక."

జువేరియా రెండు చేతులతో గరిటె పట్టుకుంది. మైమూన్ వచ్చి కుసుమ పక్కన కూర్చుంది.

"మావోడు వచ్చే నెల కువైట్ నుంచి వస్తాండాడు. వంటింట్లో వానికీ అట్లాంటి చీటీలు రాసియ్యి."

"ఏం రాయమంటావ్ మైమూనత్తా?"

"మీ ఆయనకు రాసిందే రాయి. పిలవమన్న మాట మాత్రం తీసేయి. వాడు ఊరికే పిలుస్తాడు."