కుడివైపు జేబు

పొద్దున్నే స్టూడియో ఊడ్చుకుని పనిలో కూర్చోవడం అతుకుల అత్తకి అలవాటు. విడివిడిగా దిగిన వాళ్లని ఒకే ఫోటోలో పక్కపక్కన అతికించి ఇస్తుంది. జిగురు ఆరడానికి ఒక పూట పడుతుంది, ఆలోపు ఫోటోలో మనుషులు కదులుతారు. మాటల్లేని అన్నదమ్ములైతే మొహాలు తిప్పేసుకుంటారు. పోయినవాళ్లు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటారు. ఆ కదలికలకి అర్థం చెప్పేదీ అత్తే.

ఆ రోజు దర్జీ పిల్ల రొప్పుతూ వచ్చింది. ఊరి చివర కొండ కింద సొరంగం కూలింది. లోపల దీపాలు బాగుచెయ్యడానికి వెళ్లిన ఆమె మొగుడు ఇరుక్కుపోయాడు. లోపల దారి రెండుగా చీలుతుంది. ఎటు వెళ్లాడో ఎవరికీ తెలీదు. తవ్వే యంత్రం ఒక్కటే. గాలి సాయంత్రం దాకా చాలితే గొప్ప.

"మా ఇద్దర్నీ కలుపు అత్తా. ఉన్నాడో లేడో చూడు."

నిరుడు వాళ్లిద్దరికీ విడివిడిగా తీసిన ఫిల్ములు అత్త దగ్గరే ఉన్నాయి. గబగబా అచ్చు వేసి, అతన్ని కత్తిరించి ఆమె పక్కన అంటించింది. అత్తా, దర్జీ పిల్లా ఫోటో మీదికి వంగారు. చేతులు వేలాడేసి నిలబడ్డ మనిషి, మెల్లగా ఒక చెయ్యి పైకెత్తాడు.

"బతికే ఉన్నాడే! ఎత్తింది కుడి చెయ్యి. కుడి దారిలోనే ఉన్నాడు."

ఫోటో పట్టుకుని ఇద్దరూ సొరంగం దగ్గరికి పరిగెత్తారు. అత్త చెప్పాక ఇంకేముంది, అక్కడ తవ్విస్తున్న మేస్త్రి యంత్రాన్ని కుడివైపు పెట్టించాడు. రెండు గంటలైనా మట్టే. ఫోటోలో చెయ్యి వాలిపోతోంది.

"దాన్నే చూస్తూ కూర్చోకే," అంది అత్త.

దర్జీ పిల్ల వినలేదు. "అత్తా, ఈ చొక్కా నేను కుట్టిందేనా?"

"వాడికి ఇంకెవరు కుడతారే?"

"జేబు కుడివైపుందేం? నేను ఎడమవైపే కుడతాను."

అత్త వంగి ఫోటోలోకి చూసింది. "నా చేతులు పడిపోను. తొందరలో ఫిల్ము తిరగేసి పెట్టాను, కుడీ ఎడమా మారిపోయాయి. అది ఎడమ చెయ్యే తల్లీ."

"ఇప్పుడా చెప్పడం? ఇదేమన్నా సైకిలా, ఇట్టే తిప్పెయ్యడానికి?" మేస్త్రి సణుగుతూనే యంత్రాన్ని ఎడమవైపు తిప్పించాడు.

ఫోటోలో చెయ్యి భుజం కిందికి దిగింది. దర్జీ పిల్ల ఇంకేమీ ఆలోచించలేదు. ఆ మోచేతి కింద తన బొటనవేలు ఆనించి, కదలకుండా పట్టుకుంది.

చాలాసేపటికి ఎడమవైపు రాళ్ల వెనక టక్కుమంది. మళ్లీ టక్కుమంది.

బయటికి మోసుకొచ్చాక, నీళ్లు తాగి, అతను నెమ్మదిగా అన్నాడు. "చెయ్యెత్తి పైనున్న దీపాల తీగల గొట్టం మీద కొడుతూనే ఉన్నాను. ఇంక లేవదు, అయిపోయింది అనుకునేసరికి, మోచేతి కింద ఎవరో ఆసరా పెట్టినట్టయింది."

దర్జీ పిల్ల బొటనవేలికి అంటుకున్న జిగురు గోకుకుంటూ అతని పక్కన కూర్చుంది.