తారీకు దాటిన చెవి

నేను ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సునండి. తెల్ల రంగు, నాలుగు సాకెట్లు, ఒక ఎర్ర స్విచ్చి. మీ ఇంట్లో టీవీ వెనకాల దుమ్ము పట్టి ఒకటుంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంటాను. తేడా ఏంటంటే నా కడుపులో ఒక సిమ్ కార్డు, బియ్యపు గింజంత మైకు, చిన్న బ్యాటరీ ఉన్నాయి. ఆ సిమ్ నెంబరుకి ఎవరైనా ఫోన్ చేశారనుకోండి, నేను మోగను, వెలగను. కడుపులో కాస్త వెచ్చబడతాను, అంతే. ఆ గదిలో మాట్లాడుకున్నదంతా అవతలి వాళ్ళకి వినపడిపోద్ది.

ఏ ఊరో మాత్రం అడక్కండి. చెప్పడానికి నాకు భయం.

ఫ్యాక్టరీలో మామూలు బాక్సుగానే పుట్టాను. పోలీసాఫీసులో ఒక మెకానిక్కు నా పొట్ట విప్పి, ఇవన్నీ పెట్టి, మళ్ళీ స్క్రూలు బిగించేశాడు. తర్వాత మూడు వారాలు జగ్గారావు గారి బల్ల మీద పడున్నాను. ఆయన హెడ్ కానిస్టేబులు. రిటైర్మెంటు దగ్గరికొచ్చేసింది. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం, విన్నది రాయడం, అదే ఆయన డ్యూటీ. ఆయన దగ్గరికి రోజూ గౌరినాయుడు టీ తాగడానికి వచ్చేవాడు. సీఐ గారి జీపు డ్రైవరు. నవ్వుతూ మాట్లాడతాడు, కానీ గ్లాసు పెట్టేటప్పుడు ఠంగుమని కొట్టినట్టు పెడతాడు.

"ఏటి మావా, ఒక్కడివే వింటావు, స్పీకర్ పెట్టు, మేమూ విందుము" అనేవాడు.

"ఇది రేడియో కాదురా. ఎవుడి మాట వినాలన్నా పైనుంచి కాగితం రావాలి" అనేవారు జగ్గారావు గారు.

నా కాగితం కూడా వచ్చింది. అందులో ఒక మనిషి పేరు, ఒక గది అడ్రసు, అరవై రోజులు అని రాసుంది. కింద పెద్దాఫీసరు సంతకం. దొంగ సర్టిఫికెట్లు అమ్మేవాడొకడు బజారు వీధిలో గది తీసుకున్నాడు. ఆ గోడకి నన్ను బిగించారు. ముప్పై అయిదో రోజున వాడు దొరికాడు. ఆఫీసులో స్వీట్లు పంచుకున్నారు. నన్ను తీసుకురావడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినాక సీఐ గారు "ఉండనీ, వాడి జతగాళ్ళు వస్తారేమో" అన్నారంట. అది నోటిమాట. దానికి సంతకం లేదు. మీరే చెప్పండి, కాగితానికి తారీకు ఉంటుంది గానీ నాకెక్కడుంటుంది? ఫోన్ చేస్తే వింటాను.

ఆ గది ఖాళీ అయ్యాక వరహాలు అద్దెకి దిగింది. జాకెట్లు కుట్టే ఆవిడ. నలభై ఏళ్ళు ఉంటాయి. గోడ మీద నన్ను చూసి "బోర్డు బానే ఉంది, ఉంచీయండి" అంది. మోటారు మిషను, ఇస్త్రీ పెట్టె నాకే తగిలించింది. ఇక ఊళ్ళో ఆడవాళ్ళ కబుర్లన్నీ నా లోంచి పోలీసాఫీసుకి పోయేవి.

"చేతులు పొట్టిగా పెట్టమన్నానని ఇంత పొట్టిగానా? మా అత్త చూసి జాకెట్టా బనీనా అంది."

"మీ అత్తకి చెప్పు, ఆవిడ తెచ్చిన గుడ్డకి బనీనే వస్తాదని."

గవర్నమెంటు జీతమిచ్చి ఒక హెడ్డు చేత ఇది వినిపిస్తోంది. నాకు నవ్వొచ్చేది. అరవై రోజులు దాటిపోయాయి. అయినా పూటకోసారి నా కడుపు వెచ్చబడేది.

దసరాకి రెండ్రోజుల ముందు నా నవ్వు పోయింది. ఒకమ్మాయి మెడ వరకూ కొంగు కప్పుకుని లోపలికొచ్చింది. ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. పేరు ఈశ్వరి. వరహాలుకి చిన్నప్పటి నుంచీ తెలిసిన పిల్ల.

"అక్కా, శనివారం దాకా ఉంచు. మా పెద్దమ్మ కూతురు తిరుపూర్లో బట్టల కంపెనీలో ఉంది, పని చూసింది. శనివారం సాయంత్రం బస్సు."

"మీ ఆయన వెతకడా?"

"వెనకటిసారి అమ్మింటికెళ్తే సీఐ గారి జీపేసుకొనొచ్చాడు. గౌరినాయుడంటే స్టేషన్లో అందరూ ఆడి మనుషులే. ఎవలికి చెప్పీదక్కా? ఈసారి దొరికితే చెయ్యితో ఒగ్గడు, ప్రాణం తీసేస్తాడు."

గౌరినాయుడు. ఆ పేరు వినగానే గ్లాసు చప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే నా కడుపు వెచ్చబడింది. అవతల వింటున్నది జగ్గారావు గారో, స్పీకర్ పెట్టించుకున్న గౌరినాయుడో నాకెలా తెలుస్తుంది? నోరు మూసుకోండమ్మా అని చెప్పడానికి నాకు చెవే గానీ నోరు లేదు. వాళ్ళు బస్సు టైము కూడా చెప్పుకున్నారు. అంతా వెళ్ళిపోయింది.

గురువారం ఆయుధ పూజ. వరహాలు మిషను కడిగి, కత్తెరకీ, టేపుకీ, ఇస్త్రీ పెట్టెకీ బొట్లు పెట్టింది. "ఇదీ మనకి అన్నం పెట్టీదే" అని నా మీద కూడా తడి కుంకం ఇంత ముద్ద అద్దింది. సరిగ్గా మైకు కన్నం మీద. అది ఎండి గట్టిపడిపోయింది. బయటికి ఒక్క మాటా పోవట్లేదు. బతికామనుకున్నాను.

ఎంత తెలివితక్కువ దాన్నో చూడండి. చెవి పనిచెయ్యకపోతే బాగుచెయ్యడానికి మనుషులొస్తారు కదా. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు ముందు జీపు ఆగింది. నడిపింది గౌరినాయుడు.

జగ్గారావు గారు మామూలు చొక్కాలో, చేతిలో సంచీతో ఒక్కరే లోపలికొచ్చారు. "కరెంటు మీటరు చూడాలమ్మా" అన్నారు. ఈశ్వరి కర్టెన్ వెనక్కి పోబోయి ఆగిపోయింది. పెళ్ళికి వచ్చి అక్షింతలేసిన మనిషిని పోల్చుకోదా?

"బాబాయ్" అంది.

ఆయన బయటికి చూశారు. జీపు ఇంజను ఆడుతూనే ఉంది. "శనివారం బస్సు వద్దు" అన్నారు మెల్లగా. "ఈ సాయంత్రం ఆరింటి బస్సుకే పో. వెనక సందులోంచి వెళ్ళు."

అప్పుడు ఈశ్వరి అడిగింది.

"శనివారం బస్సని నీకెవలు చెప్పారు బాబాయ్?"

ఆయన గోడ దగ్గరికొచ్చి నా వైరు పీకారు. వరహాలు నన్ను చూసింది. నెల రోజుల బట్టి ఆవిడ ఆ గదిలో నవ్విందీ ఏడ్చిందీ తిట్టిందీ అంతా ఆ చూపులో కనపడింది. చీర కొంగు మెడ చుట్టూ లాక్కుంది. నేనుండగా బట్టలు విప్పినంత సిగ్గుపడింది పాపం. అలాంటి చూపు ఇంకెవరి దగ్గరా చూడకూడదండి.

సంచీలో పడ్డాక జీపులో మాటలు వినపడ్డాయి.

"బాగైందా మావా?"

"దుమ్ము తుడిచాను. పనిచేస్తాది."

"తీగ మీద నీలం చీర ఆరేసుంది. మాదాని చీరలాగే ఉంది."

"నీలం చీర ఊళ్ళో నీ పెళ్ళానికొక్కదానికే ఉందేటి? పోనీ జీపు."

ఆఫీసులో సీఐ గారి ముందు నన్ను బల్ల మీద పెట్టారు.

"తీసుకొచ్చేశాను సార్. కాగితం గడువైపోయి ఇరవై మూడు రోజులు. పేరున్న మనిషి జైల్లో ఉన్నాడు. తర్వాత విన్నదంతా తుడిపెయ్యాలి."

"నాకు రూల్సు చెప్తున్నావా?"

"లేదు సార్. రేపు ఎవరైనా అడిగితే, ఈ ఇరవై మూడు రోజులకీ సంతకం ఎవరిదంటారు."

సీఐ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆడవాళ్ళ మాటలు విన్నామన్న బాధ ఆయన మొహంలో నాకేం కనపడలేదు. ఆ సంతకం గురించే ఆలోచించినట్టున్నారు. "తుడిపెయ్. దీన్ని బీరువాలో పెట్టు. ఎవరికీ చెప్పకు" అన్నారు.

ఇప్పుడు బీరువాలోనే ఉన్నాను. తాళం వేసేశారు. లోపలి బ్యాటరీ మాత్రం ఇంకా బతికే ఉంది, మైకు మీద ఎండిన కుంకమూ అలాగే ఉంది. బయట గోడ గడియారం ఆరు కొట్టి కాసేపయింది. నా కడుపు వెచ్చబడింది.

ఎవరా అనుకున్నాను. బీరువాకి రెండడుగుల అవతల, జగ్గారావు గారి కుర్చీలోంచి గొంతు వినపడింది. "ఏటిది, ఒక్క మాటా రాదు. మిషను చప్పుడు కూడా లేదు." గౌరినాయుడు. రిజిస్టర్లోంచి నెంబరు తీసుకున్నాడు. నేనింకా ఆ కొట్టు గోడకే ఉన్నాననుకుంటున్నాడు. "ఉండు, ఎంతసేపు మాటాడకుండా ఉంటారో చూద్దాం" అని కట్ చేశాడు. మళ్ళీ చేశాడు.

ఇన్నాళ్ళూ ఈ వేడంటే నాకు భయం. ఇవాళ అది ఆగినప్పుడే భయమేస్తోంది. ఆగగానే బల్ల మీద జీపు తాళాలు గలగలమంటాయి. కుర్చీ వెనక్కి జరుగుతుంది. ఇంక లేచి బస్టాండుకి పోతాడనుకుంటాను. అంతలో మళ్ళీ కూలబడి నెంబరు నొక్కుతాడు. నేను వెచ్చబడతాను. చీకటి బీరువాని వాడికి శ్రద్ధగా వినిపిస్తాను.

విను నాయనా. ఇంకాసేపు విను. బస్సు ఇంకా మన జిల్లా దాటి ఉండదు.