తీర్థం కాని నీళ్లు

నేను ఒక గాజు గ్లాసును. మనిషి ఊపిరి వల్ల పుట్టినదాన్ని. ఈ మాట అలంకారం కోసం చెప్పడం లేదు. ఎక్కడో ఉత్తరదేశంలో, కొలిమి ఎదుట చెమటతో తడిసిన ఒక మనిషి, ఇనుప గొట్టం చివర అంటుకున్న ఎర్రని గాజు ముద్దలోకి బుగ్గలు పూరించి ఊదాడు. ఆ ఊపిరి ఎంత జాగా కోరిందో అంతే నా కడుపు. అతడి ముఖం నాకు గుర్తు లేదు. ఊపిరి కొలత మాత్రం నేటికీ నాలో ఉంది. అందుచేత శ్వాసను గురించి, దానిని ఆశ్రయించుకొని బతికే వాక్కును గురించి రెండు ముక్కలు చెప్పే అధికారం నాకు ఉందనుకుంటాను. సిగ్గును గురించి చెప్పే అధికారం తరువాత సంపాదించుకున్నాను.

మొదట కాకినాడలో ఒక నిమ్మసోడా కొట్టులో కాపురం చేశాను. ఎవరి పెదవి తగిలిందని అక్కడ ఎవరూ విచారించేవారు కాదు. బకెట్టు నీళ్లలో ఒక్క మునక వేసి లేస్తే నేను పరిశుద్ధురాలిని. కొట్టువాడు కాగితపు గ్లాసులకు మారిన రోజున మమ్మల్ని బుట్టకెత్తి అమ్మేశాడు. అలా అదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో, మాట రానివారికి, గొంతు చెడినవారికి సాధన చేయించే కెజియా అనే అమ్మాయి బల్ల మీదికి చేరాను. 

అక్కడికి ఒకనాడు మృత్యుంజయశర్మగారు వచ్చారు. రామచంద్రపురంలో, ఆలయ మండపంలో, తల నల్లగా ఉన్ననాటి నుంచి పురాణం చెబుతున్న పండితులు. మైకు ముట్టరు. అది గొంతు లేనివాడి చేతికర్ర అని ఆయన అభిప్రాయం. ప్రాకారపు గోడ అవతల పూలమ్ముకునే మనిషికి కూడా పద్యం చేరాలని పట్టుదల. ఆ పట్టుదలే స్వరతంత్రుల అంచున కాయలు కాయించిందని, గొట్టం దించి చూసిన డాక్టరుగారు తేల్చారు. కోత ఇప్పుడే అక్కరలేదు, ముందు సాధన చేయండని కెజియా దగ్గరకు పంపారు.

శర్మగారు కుర్చీలో కూర్చుని ఉత్తరీయపు కొసను వేలికి చుట్టుకుంటున్నారు. జవాబులన్నీ ఆయన భార్య సీతారావమ్మగారే చెబుతున్నారు.

"తొలేకాశి నాడమ్మా. సీసపద్యం ఎత్తుకున్నారు. మూడో పాదంలో గొంతు కీచుమంది. ముందు కూచున్న పిల్లలు నవ్వారు. అప్పట్నుంచీ ఇంతే."

"ఇంట్లో మాట్లాడుతున్నారాండీ?"

"మౌనవ్రతం కదమ్మా. సైగలే. మరీ అవసరమైతే నాతో గుసగుస."

"గుసగుసలు వద్దండి గురువుగారూ, అవి గొంతుకి ఇంకా బరువు. ఆ సకిలింపు కూడా మానెయ్యండి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. ఒక గుక్క నీళ్లు తాగండి చాలు. అవునూ, మౌనం ఉండమని మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ రోజు గొంతు కీచుమన్నప్పుడు శర్మగారు పుస్తకం మూసి, చేతులు జోడించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. ఇక నా వల్ల కాదు అని దాని భావం. ఆలయ ధర్మకర్త పేర్రాజుగారు మరొక భావం గ్రహించారు. చాతుర్మాస్యం మొదలయ్యే రోజు కదా. ఆయన మైకు అందుకుని, శర్మగారు కార్తీకం వరకు మౌనదీక్ష స్వీకరించారని ప్రకటించారు. సభ అంతా లేచి నమస్కరించింది. కాదని తల అడ్డంగా ఊపడానికి గొంతు అవసరం లేదు. శర్మగారు ఊపలేదు. ఆయన నోరు అబద్ధమాడలేదు; కదలని ఆ మెడ అబద్ధమాడింది. మెడ కదలకుండా కూడా అబద్ధమాడవచ్చునని నాకు మనుషుల వల్లనే తెలిసింది.

కెజియా నాలో సగానికి నీళ్లు పోసి, కొబ్బరిబొండాల దగ్గర ఇచ్చే గొట్టం ఒకటి ముంచింది.

"ఇలా పెట్టుకుని, 'ఊ' అంటూ నీళ్లలోకి ఊదండి. మెడ బిగించకండి. బుడగలు ఒకే తీరున రావాలి."

శర్మగారు తలుపు వైపు చూశారు. ఆ అమ్మాయి లేచి గడియ పెట్టింది.

"ఎవరూ చూడర్లెండి. మొన్న ఒక ఎస్సైగారు కూడా ఊదారు. ఆయనైతే కిటికీ కూడా వేయించారు."

సీతారావమ్మగారు నవ్వు ఆపుకుని, "మా ఇంట్లో వెండి గ్లాసుంది, అందులో ఊదితే కుదరదా అమ్మా?" అన్నారు.

"బుడగలు కనబడాలండీ అమ్మగారూ. ఇది పట్టుకెళ్లండి."

పరా, పశ్యంతీ, మధ్యమా, వైఖరీ అని వాక్కుకు నాలుగు మెట్లు ఉన్నాయని సభలకు బోధించిన నోరు, అయిదో మెట్టుగా బుడబుడకు దిగింది. ఆయన చెవులు ఎర్రబడటం నేను నీటి అడుగు నుంచి చూశాను.

రామచంద్రపురంలో నాకు ఇంటి లోపల చోటు దొరకలేదు. నోటితో ఊదిన నీళ్ల పాత్ర ఎంగిలి. దాన్ని వంటింటి గడప దాటించడం ఎలాగ? పెరటి వైపు స్నానాలగది కిటికీ గట్టు నా నివాసం. ఉదయం, సాయంత్రం శర్మగారు లోపలికి వచ్చి, తలుపు వేసి, చప్పుడు బయటికి పోకుండా కుళాయి తిప్పి ఊదేవారు. తరువాత కెజియా చెప్పిన మాటలు ముక్కుతో గునిసినట్టు పలికేవారు. గంగ. అంగడి. ముంగిలి. ముక్కుతో పలికే అక్షరాలు గొంతుకు మెత్తని పరుపులట.

గొంతు మెల్లగా తెరుచుకుంటోంది. సిగ్గు కూడా దానితోపాటే పెరుగుతోంది. మౌనిని దర్శించడానికి జనం పళ్లతో వచ్చి అరుగు మీద కూర్చునేవారు. వారి కళ్లలోకి చూడలేక ఆయన కళ్లు మూసుకునేవారు. ధ్యానంలో ఉన్నారని వారు మరింత వంగేవారు.

ఆశ్వయుజంలో మళ్లీ కాకినాడ వెళ్లినప్పుడు నన్నూ సంచిలో పెట్టుకుని వెళ్లారు. కెజియా విని సంతోషించింది.

"మాటలు అయ్యాయండీ. ఇంక మనుషులతో మాట్లాడాలి. కూరలమ్మేవాడితో, పక్కింటివాళ్లతో. మామూలుగా, మెల్లిగా. నాలుగు గోడల మధ్య వచ్చిన గొంతు నలుగురిలో నిలవకపోతే, పురాణంలో మళ్లీ పాత అరుపే వస్తుంది. ఈసారి పోతే తెచ్చుకోవడం కష్టం."

శర్మగారు పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"వ్రతమా, జబ్బా? ఏదో ఒకటి చెప్పండి గురువుగారూ."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ ప్రశ్న ఆయన ఒళ్లో, నా పక్కనే కూర్చుంది.

ఒకనాడు పేర్రాజుగారు పెరటి వైపు వచ్చారు. లోపల నేను బుడబుడమంటున్నాను, నా మీద ఊకారం మోగుతోంది.

"అమ్మగారూ, లోపల ఆ నాదమేంటండీ?"

సీతారావమ్మగారికి అబద్ధమాడటం చేతకాదు, భర్త గుట్టు విప్పడం ఇష్టం లేదు. "నీళ్లతో చేసే సాధన నాయనా" అన్నారు. ఆమె అన్నది అక్షరాలా నిజం. సాధన అనే మాట ఒకటే. ఆసుపత్రిలో ఒక అర్థం, ఆలయంలో ఇంకొకటి. పొద్దుగూకే వేళకు ఊరిలో అది జలమంత్రమైంది.

కార్తీకం దగ్గరపడింది. ఆ ఉదయం శర్మగారు సాధన ముగించి, నన్ను గట్టు మీద ఉంచి, తువ్వాలు ఆరవేయడానికి దొడ్లోకి వెళ్లారు. పేర్రాజుగారు వచ్చి, కండువా నడుముకు చుట్టుకుని, నన్ను తీర్థపాత్రలా రెండు చేతులతో పైకెత్తారు. కిటికీ గట్టు మీద నెలల తరబడి వెలి ఉన్నదాన్ని. వీధి అరుగు మీదికి తీసుకువెళుతుంటే జనం తలలు వంచి దారి ఇచ్చారు. నిజం చెప్పాలి, నాకు బాగుంది. నా అడుగున ఏమున్నదో తెలిసి కూడా నేను తళతళలాడాను.

ముందు నిలబడినది నూకరత్నం, గోడ అవతల పూలమ్ముకునే మనిషి. కొంగు పట్టుకుని మనవరాలు, నడక వచ్చింది, పరుగు వచ్చింది, మాట రాలేదు. 

"ఈ పిల్ల నోట ఒక్క మాట పలికించండి బాబూ" అని దోసిలి పట్టింది. పేర్రాజుగారు నన్ను వంచారు. నీళ్లు ఆమె అరచేతిలో నిండాయి.

శర్మగారు గుమ్మంలోకి వచ్చింది అప్పుడు. ఆ నీళ్లు ఏ నీళ్లో ఒక్క చూపులో తెలుసుకున్నారు. రెండు చేతులూ ఎత్తి వద్దన్నట్టు ఊపారు. జనం దాన్ని ఆశీర్వాదం అనుకుని కళ్లకద్దుకున్నారు. ఆయన మరింత గట్టిగా ఊపారు. నూకరత్నం దోసిలిని పిల్ల పెదవుల దాకా తీసుకువెళ్లింది.

"ఎంగిలి."

అరుపు కాదు. కీచు కాదు. ముంగిలి, గంగ పలికినంత మెత్తగా, ముక్కులో మోగి, పెదవి దగ్గర తెరుచుకున్న మాట. అయినా అరుగు చివరి దాకా చేరింది.

"ఎంగిలమ్మా. పారబోసెయ్. నేను ఊదిన నీళ్లవి."

నూకరత్నం చేతులు విడిపోయాయి. పేర్రాజుగారి నోరు తెరుచుకుంది.

"కార్తీక ఏకాదశి దాకా ఆగకుండా వ్రతం విడిచారేంటండీ?"

"వ్రతం లేదు పేర్రాజూ. గొంతు పోయింది. చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నాను."

పేర్రాజుగారు జనం వైపు తిరిగి, "ఎంత నిగర్వమో చూశారా" అన్నారు. కొన్ని చేతులు మళ్లీ జోడించుకున్నాయి.

ఒప్పుకున్న తప్పును కూడా పుణ్యం కింద జమ కట్టేవారితో ఏం చేయాలి? శర్మగారు లోపలికి వెళ్లి గొట్టం తెచ్చారు. నన్ను పేర్రాజుగారి చేతిలోంచి తీసుకుని, పిల్లలు నవ్విన ఆ తొలేకాదశి నాటి కన్నా ఎక్కువగా ఎర్రబడిన ముఖంతో, అందరూ చూస్తుండగా అరుగు మీద కూర్చుని ఊదారు. తలుపు లేదు, కుళాయి లేదు. బుడబుడ, బుడబుడ. నీటి చుక్కలు గడ్డం మీద పడ్డాయి.

నూకరత్నం పక్కనున్న పిల్ల పకపకా నవ్వింది. బుగ్గలు పూరించి తానూ ఊదింది.

"పలికింది, పలికింది" అన్నారెవరో.

"నవ్వింది, అంతే" అన్నారు శర్మగారు. "నూకరత్నం, దీనికి తీర్థాలు కాదు, చూపించాలి. కాకినాడలో కెజియా అని ఒక అమ్మాయి ఉంది. ఎల్లుండి నేను వెళుతున్నాను, నా వెంట రండి."

నూకరత్నం తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"అలాగే బాబూ. ఇన్నేళ్లూ గోడవతల కూచున్నానాండీ, మీ కేక వినబడేది గానీ ఏం చెబుతున్నారో ఒక్క ముక్కా తెలిసేది కాదు. ఇప్పుడు చెప్పింది తెలిసిందండి."

ఆమె ఎత్తిపొడవలేదు. పొగడాలని అన్నది.

నేను ఇప్పటికీ కిటికీ గట్టు మీదనే ఉన్నాను, బోర్లించి. ఎంగిలి ఎంగిలే, సీతారావమ్మగారు ఆ విషయంలో మెత్తబడలేదు, నాకూ ఇప్పుడు లోపలికి పోవాలని లేదు. పళ్ల బుట్టలు రావడం మానేశాయి. మండపంలో మైకును శర్మగారే దగ్గరకు లాక్కుంటున్నారని, పద్యం ఇంట్లో మాటలా చెబుతున్నారని, ముందు వరుసలో కొందరికి అది రుచించడం లేదని పెరట్లో విన్నాను. ఉదయం ఆయన వచ్చి నన్ను నిలబెడతారు. తలుపు వేయరు. నన్ను చేసినవాడు ఊది, గొట్టం నుంచి విరిచి, నన్ను విడిచి వెళ్లిపోయాడు. ఈయన ఊదిన ఊపిరి నాలో ఆకారం కట్టదు. బుడగై పైకి వచ్చి, మళ్లీ ఆయన ముఖానికే చిట్లుతుంది. ఆయన తుడుచుకోరు.