ముప్పై రెండో ఓటు

అమెరికాలో పడమటి ఒరెగాన్‌కు వలసపోయే ఎడ్లబళ్ళ గుంపుకు నాయకుణ్ణి ఎన్నుకోవడానికి చీటీలూ పెట్టెలూ ఏమీ లేవు. పోటీదారులు మైదానంలోకి పరుగు తీస్తారు, నచ్చినవాడి వెనక మగవాళ్ళు తోకలా చేరతారు. తోక పొడుగున్నవాడే కెప్టెన్! ఆ మధ్యాహ్నం థార్న్‌లీ ఒకవైపు, పైక్ ఒకవైపు పిచ్చెక్కినట్టు గంతులేస్తుంటే, వాళ్ళ వెనక గడ్డాలూ బొజ్జలూ ఎగురుతుంటే, ఆడవాళ్ళు బళ్ళెక్కి పగలబడి నవ్వారు.

కెజీయాకు నవ్వు రాలేదు. ఆమె మొగుడు పోయిన చలికాలంలో చనిపోయాడు. "బండి తోలే మగాడు లేనివాళ్ళని ఇక్కణ్ణించే వెనక్కి పంపేస్తా" అని థార్న్‌లీ తెగేసి చెప్పాడు. వెనక్కి వెళితే మిస్సోరీలో మరిది ఇంట్లో జీవితాంతం అంట్లు తోముకోవాలి. పైక్ మాత్రం, "ఆవిడ ఎడ్లని నాకంటే బాగా తోలుతుంది" అన్నాడు.

పాస్టరుగారు లెక్కపెట్టారు. "ముప్పై ఒకటి, ముప్పై ఒకటి! ఇంకెవరైనా మిగిలారా?"

మిగిలింది కెజీయా మామ ఆషర్ ఒక్కడే. కీళ్ళవాతంతో బండి నీడలో పడుకున్నాడు. ఆయనకు వెనక్కి పోవాలనే ఉంది. చిన్నకొడుకు ఇంటి అరుగంటే ఆయనకు ప్రాణం.

కెజీయా ఆయన్ని అమాంతం ఎత్తి ఒంటిచక్రపు తోపుడుబండిలో పడేసి లగెత్తింది.

"అమ్మాయ్! అటు కాదే! నా ఓటు థార్న్‌లీకి!"

"గట్టిగా పట్టుకోండి మావయ్యా, గుంత!"

"అయ్యో నా నడుము! కోడలివా, పిశాచానివా?"

టోపీ ఎగిరిపోయింది. కుక్కలు వెంటపడ్డాయి. రెండు తోకలూ ఆగిపోయి ఈలలు వేశాయి. సగం దూరం వచ్చేసరికి ముసలాయనకు కితకితలు పెట్టినట్టు నవ్వు తన్నుకొచ్చింది. ఇరవై ఏళ్ళయింది ఇంత జోరుగా కదిలి!

"ఇంకాస్త తొయ్యవే! అంతేనా నీ బలం?"

పైక్ తోక చివర కెజీయా ఆగింది. ఊపిరాడడం లేదు.

"నేను తోసినంత మాత్రాన ఇది నా ఓటు కాదు మావయ్యా. మీరు అటే అంటే... అటే తోస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. ఆషర్ థార్న్‌లీ వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"ఒరెగాన్ దాకా ఇలాగే తోస్తావా?"

"కొండలొస్తే మీరు దిగాలి."

"దిగుతాలే." ముసలాయన పాస్టరు మీద కసురుకున్నాడు. "అట్లా నిలబడ్డారేంటండీ? లెక్కపెట్టండి నన్ను. మేం చాలా దూరం పోవాలి!"